ఇంటి నుంచే వెబ్‌సైట్లు... మొదటి ఏడాది గడిచాక?

పెళ్లయ్యాకో, పిల్లలు పుట్టాకో ఉద్యోగం మానేసిన ఇంజినీరింగ్ అమ్మాయి లేని వీధి ఇవాళ బెజవాడ చుట్టుపక్కల ఉందా అంటే వెతకాల్సిందే. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది. ఆ తర్వాత గుడ్లవల్లేరు, మైలవరం దాకా కాలేజీలు వచ్చాయి. ఆడపిల్లలు చక్కగా చదివారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో రెండు మూడేళ్లు ఉద్యోగం చేశారు. ఆ తర్వాత మెట్టినిల్లు గుడివాడో, ఉయ్యూరో, తెనాలో అవుతుంది. ల్యాప్‌టాప్ బీరువాలో పట్టుచీరల పక్కకు చేరుతుంది.

అలాంటివాళ్లకు ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. 'ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేసుకోవచ్చుగా!' అని.

చేసుకోవచ్చు. ఇంజినీరింగే చదవనక్కర్లేదు, డిగ్రీ చదివినవాళ్లూ చేయొచ్చు. అందుకోసం ఇల్లు వదిలి అమీర్‌పేటలో హాస్టల్లో ఉండాల్సిన పనీ లేదు. ఫ్రీ కోడ్ క్యాంప్ లాంటివి పైసా తీసుకోకుండా నేర్పుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన 'స్వయం'లో కంప్యూటర్ పాఠాలు బోలెడు. రోజుకు రెండు గంటలు కూర్చోగలిగితే ఆరు నెలల్లో ఒక చిన్న దుకాణానికి సరిపడే సైటు కట్టడం వచ్చేస్తుంది.

అసలు చిక్కు అక్కడ లేదు. మొదటి సైటు తెలిసినవాళ్లది. రెండోది వాళ్ల బావగారిది. మూడోది ఆ బావగారి స్నేహితుడిది... ఆయన ఇవ్వాల్సిన సొమ్ములో సగం ఎగ్గొడతాడు. ఏడాది తిరిగేసరికి 'అబ్బే, ఏం లాభం లేదండీ' అని ల్యాప్‌టాప్ మళ్లీ బీరువాలోకి! పని రాక ఆగిపోయేవాళ్లకంటే లెక్క కుదరక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ వారం మనం కోడింగ్ గురించి కాదు, ఆ లెక్క గురించే మాట్లాడుకుందాం.

జాబ్‌వర్క్ మనకు కొత్తా?

ఫ్రీలాన్స్ అనే మాట కొత్తదేమోగానీ ఆ పని బెజవాడకు కొత్త కాదు. వెనకటికి గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు ప్రాంతాల్లో ప్రెస్సులు, పుస్తకాల షాపులు కిటకిటలాడిన రోజుల్లో డి.టి.పి. జాబ్‌వర్క్ చేసిన ఆడవాళ్లు ఎందరో. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, పేజీకి ఇంత అని లెక్క. పెళ్లికార్డులు, స్కూలు గైడ్లు, సంస్మరణ సంచికలు... ఏదొస్తే అది. మనదేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటికే మనవాళ్లు ఇంటి వరండాలో కంప్యూటరు పెట్టుకుని సంపాదిస్తున్నారు.

అంతకుముందునుంచీ ఉన్నది జాకెట్లు కుట్టే వ్యాపారం. కుట్టుపని చేసేవాళ్లు ఏం చేస్తారు? ఆది జాకెట్టు లేకుండా గుడ్డ మీద కత్తెర పెట్టరు. మెడ ఎంత, చేతులెంత అని ముందే రాసుకుంటారు. 'పండక్కి కావాలి' అంటే ఎప్పటికి ఇవ్వగలరో కచ్చితంగా చెబుతారు. వెబ్‌సైటుకూ అంతే. 'మంచిగా, మోడ్రన్‌గా ఉండాలమ్మా' అంటారు క్లయింటు. ఆ మాటతో పని మొదలుపెడితే కొంప మునుగుతుంది. 'మీకు నచ్చిన మూడు సైట్లు చూపించండి, అందులో ఏం నచ్చిందో చెప్పండి' అని అడగండి. అదే ఆది జాకెట్టు.

కొనేవాళ్లెవరు?

'ప్రతి వ్యాపారానికీ వెబ్‌సైటు ఉండాలి' అని కొందరు చెబుతుంటారు. నమ్మకండి. సందు చివర టిఫిన్ సెంటరుకు ఎందుకు? గూగుల్ మ్యాపులో పేరు, ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు సరిగ్గా ఉంటే చాలు. ఆ మాట వాళ్లకు చెప్పి, ఆ చిన్న పని చేసిపెట్టి, దానికి తగ్గ రుసుము తీసుకోండి. అవసరం లేనిది అమ్మితే ఏడాది తర్వాత రెన్యువల్‌కు డబ్బు కట్టరు. పైగా పదిమందికి చెబుతారు.

నిజంగా అవసరమైనవాళ్లు డెల్టా నిండా ఉన్నారు. నూజివీడు మామిడిని దూర ప్రాంతాలకు పంపేవాళ్లు, చిలకలపూడి రోల్డుగోల్డు నగల తయారీదారులు, బందరు లడ్డు చేసే మిఠాయి దుకాణాలు, కొండపల్లి బొమ్మల కళాకారులు, మంగళగిరి చేనేత సొసైటీలు, కల్యాణమండపాలు, వర్కింగ్ వుమెన్స్ హాస్టళ్లు, డయాగ్నస్టిక్ సెంటర్లు. వీళ్ల కొనుగోలుదారు ఊళ్లో ఉండడు, ఎదురుగా వచ్చి చూడలేడు. ముందు ఫోనులో చూసి, నమ్మకం కుదిరాకే పైసా తీస్తాడు.

పెడనను తీసుకుందాం. బందరుకు కూతవేటు దూరం. అక్కడి కలంకారీ ప్రపంచమంతా తెలుసు. కానీ కలంకారీ అంటే శ్రీకాళహస్తి అనుకునేవాళ్లూ ఉన్నారు. శ్రీకాళహస్తిలో కలంతో చేతిగీత. పెడనలో టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దకం. గుడ్డను కరక్కాయ నీళ్లలో, పాలల్లో నానబెట్టడం, ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టి నల్లరంగు తీయడం, పటిక పెట్టి ఎరుపు రప్పించడం, ఉడకబెట్టడం, పారే కాలవ నీళ్లలో ఉతకడం, మళ్లీ ఎండబెట్టడం. ఒక చీర వెనక ఇన్ని రోజుల చాకిరీ! మరోపక్క మిల్లులో స్క్రీన్ ప్రింటు వేసి, దానికీ 'కలంకారీ' పేరు తగిలించి, సగం ధరకు అమ్మేవాళ్లున్నారు. కొనేవాళ్లకు తేడా తెలియదు. ధర మాత్రమే తెలుస్తుంది.

ఇప్పుడు చెప్పండి, పెడన అద్దకందారుకు మీరు ఏం అమ్ముతున్నారు? ఐదు పేజీల కోడా? కాదు. ఆ తేడాను అమ్ముతున్నారు. అద్దకం జరిగే చోటుకు వెళ్లి, కరక్కాయ రంగు గుడ్డ దగ్గర్నుంచి ఆఖరి ఉతుకు దాకా ఫొటోలు తీసి, ఏది అచ్చుపని, ఏది మిల్లు పని అన్నది నాలుగు ముక్కల్లో తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి, భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి స్పష్టంగా పెట్టి... అప్పుడు ఆ సైటుకు విలువ. రెడీమేడ్ డిజైన్లు కొల్లలుగా దొరుకుతాయి. కృత్రిమ మేధతో పది నిమిషాల్లో పేజీ తయారయ్యే రోజులు కూడా వచ్చాయి. కానీ ఏ యంత్రమూ పెడన బస్సెక్కి కాలవగట్టు దాకా వెళ్లి చూసి రాదు. మీరు వెళ్లగలరు. ఊళ్లో ఉండటం లోటనుకుంటాంగానీ ఈ వ్యాపారంలో అదే మీ పెట్టుబడి.

ఇలాంటివే ఇంకొన్ని చిన్న సంగతులు. ఊరి పేరు మచిలీపట్నమే అయినా జనం నోట నలిగేది బందరే. సైటులో రెండూ రాయాలి. విజయవాడ, బెజవాడ రెండూ రాయాలి. వెతికేవాళ్లు ఎలా వెతుకుతారో ఎవరు చూశారు? తెలుగు అక్షరాలకు వరుసల మధ్య చోటు కాస్త ఎక్కువ వదలాలి. లేకపోతే కింది వత్తులు, పైనున్న గుడులు ఒకదానికొకటి తగులుకుంటాయి. ఇంగ్లిషు పేజీ కొలతలే తెలుగుకూ పెట్టే కంపెనీలు ఈ సంగతి పట్టించుకోవు. ఉచితంగా వాడుకోగల తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అందులో ఒకటైన 'మండలి' మన దివిసీమకు చెందిన మండలి వెంకట కృష్ణారావు పేరున వచ్చిందే. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన ఆయనే.

అద్దె కొట్టు, సొంత కొట్టు

'ఇన్‌స్టాగ్రాంలో పేజీ ఉంది, వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి. ఇంక సైటెందుకమ్మా?' ఇది తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా సిద్ధంగా ఉండాలి. 2020 జూన్ ఆఖరులో మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాని మీదే ఆధారపడ్డవాళ్ల ఫాలోవర్లంతా రాత్రికి రాత్రి పోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం, వాట్సాప్ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. అవి అద్దె కొట్లు. అమ్మకాలు జరిగినన్నాళ్లు జరగనివ్వండి. కానీ సొంత కొట్టు ఒకటుంటే అద్దె కొట్టు ఖాళీ చేయాల్సి వచ్చినా కొనేవాళ్లకు చిరునామా తెలిసి ఉంటుంది. ఒక్క మాట. నెలకు నాలుగు ఆర్డర్లు కూడా రానివాళ్లకు ఈ వాదన వినిపించకండి. వాళ్లకు ముందు కావలసింది కొట్టు కాదు, సరుకు.

గంటకు ఎంత?

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పక్కవాళ్లు ఎంతకు చేస్తున్నారో చూసి, దానికి రెండువేలు తగ్గించి చెప్పడం ధర నిర్ణయించడం కాదు. ఇంట్లో పాల లెక్క రాసినట్టు కాగితం తీసుకోండి.

ఉదాహరణకు నెలకు 25 వేలు మిగలాలనుకున్నారు. నెట్, కరెంటు, ఇన్వర్టరు బ్యాటరీ, ఫోను, ఏదైనా సాఫ్ట్‌వేరు చందా, ల్యాప్‌టాప్ అరుగుదల... 60 వేల ల్యాప్‌టాప్ నాలుగేళ్లు వస్తుందనుకుంటే నెలకు 1,250 దానికే. అన్నీ కలిపి నెలకు 4 వేలు వేసుకుందాం. మొత్తం 29 వేలు. ఇక గంటలు. పిల్లలు స్కూలుకు వెళ్లాక రోజుకు నాలుగు గంటలు, నెలలో 24 రోజులు. అంటే 96 గంటలు. ఇందులో క్లయింట్లతో ఫోన్లు, కొటేషన్లు, కొత్తవి నేర్చుకోవడం, జ్వరాలు, చుట్టాలు అన్నీ పోను డబ్బొచ్చే పనికి మిగిలేది సగమే. 48 గంటలు. 29 వేలను 48తో భాగించండి. గంటకు 600 రూపాయల పైచిలుకు వస్తుంది.

ఒక చిన్న సైటుకు 40 గంటలు పడుతుందా? అయితే దాని ధర 24 వేలు. దాన్ని మీరు 8 వేలకు చేస్తే గంటకు 200 పడ్డట్టు. అందులోంచి నెట్టూ కరెంటూ పోతే మిగిలేదెంతో మీరే చూసుకోండి. ఈ అంకెలు ఉదాహరణకే. మీ ఇంటి అంకెలు మీవి. కానీ కాగితం మీద వేసి చూసిన తర్వాత 'మా తమ్ముడి కొడుకు 5 వేలకు చేస్తానన్నాడండీ' అని ఎవరైనా అంటే గొంతు తడారిపోదు. 'మంచిదండీ, బాబు చేత చేయించుకోండి' అని నవ్వుతూ చెప్పగలరు. వాళ్లలో కొందరు ఆర్నెల్ల తర్వాత మళ్లీ వస్తారు. అప్పుడు బేరమాడరు.

బేరం తప్పదనుకుంటే ధర తగ్గించకండి, పని తగ్గించండి. '24 వేలు ఎక్కువైతే ఆన్‌లైన్ చెల్లింపు తీసేసి, నాలుగు పేజీలతో 15 వేలకు చేస్తాను' అనండి. అప్పుడు మీ గంటకు విలువ అలాగే ఉంటుంది.

కాగితం మీద పెట్టండి

'తెలిసినవాళ్లే కదా, రాతకోతలెందుకు?' అంటారు. తెలిసినవాళ్లు కాబట్టే రాసుకోవాలి. లేకపోతే సైటూ పోతుంది, చుట్టరికమూ పోతుంది. లాయరు భాష అక్కర్లేదు. ఒక పేజీ తెలుగులో చాలు. ఎన్ని పేజీలు, ఫొటోలు ఎవరివ్వాలి, ఎప్పటికివ్వాలి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఆ తర్వాత మార్పుకు ఎంత, సొమ్ము ఏయే దశల్లో. మొదలుపెట్టే ముందు సగం, డిజైన్ చూపించాక ముప్పై శాతం, ఇంటర్నెట్‌లో పెట్టే ముందు మిగతాది. 'పెట్టాక ఇస్తా' అనే మాటకు ఒప్పుకోకండి. సైటు ఒకసారి జనంలోకి వెళ్లాక మీ ఫోను ఎత్తే తొందర వాళ్లకుండదు.

హక్కుల సంగతి చాలామందికి తెలియదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి చేసిన పనికి యజమాని హక్కుదారు. కానీ ఫ్రీలాన్సరు రాసిన కోడుకు, వేరే రాతకోతలు లేకపోతే, హక్కుదారు రాసినవారే. కాబట్టి 'పూర్తి సొమ్ము అందిన రోజున హక్కులు మీకు బదిలీ' అని ఒక వాక్యం రాయండి. ఇద్దరికీ మంచిది.

డొమైన్ పేరు మాత్రం మొదటి రోజు నుంచీ క్లయింటు పేరునే, వాళ్ల ఈమెయిలుతోనే కొనిపించండి. 'నా పేరున ఉంటే నా చేతిలో ఉంటారు' అనుకునేవాళ్లున్నారు. అది మోసం కిందే లెక్క. రేపు మీకేదైనా అయితే ఒక కుటుంబం వ్యాపారం ఆగిపోతుంది. ఇది ఊరికే చెప్పడం లేదు. డొమైన్ ఎవరి పేరున ఉందో తెలియక, చేసినవాడు దుబాయ్ వెళ్లిపోయి, ఏళ్ల తరబడి పెంచుకున్న పేరు వదులుకుని కొత్త పేరుతో మొదలుపెట్టిన దుకాణాలు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి.

ఇన్‌వాయిస్ మీ పేరున, పాన్ కార్డు మీది, బ్యాంకు ఖాతా మీది. 'ఆయన ఖాతాలో వేయించుకుంటే ఏం, ఒకే ఇల్లేగా' అనకండి. రేపు మీరు లోను అడిగితే బ్యాంకువాళ్లు చూసేది మీ పేరున ఉన్న ఆదాయమే. ఏటా రిటర్ను దాఖలు చేయండి. సంస్థలు మీకిచ్చే సొమ్ములోంచి ముందే పన్ను కోసి ఉంటే దాన్ని తిరిగి రాబట్టుకోవాలన్నా రిటర్ను వేయాల్సిందే. సేవల మీద ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటనంతవరకు సాధారణంగా జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ అవసరం రాదు. ఏడాదికోసారి ఒక ఆడిటరుకు రుసుమిచ్చి సలహా తీసుకుంటే నిద్ర బాగా పడుతుంది.

సొమ్ము ఇవ్వకపోతే?

ఇదిగో, కత్తిరించి దాచుకోవాల్సిన ముక్క. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ఫ్యాక్టరీలకే కాదు, సేవలు అందించే చిన్న వ్యాపారాలకూ వర్తిస్తుంది. అంటే ఇంటి నుంచి వెబ్‌సైట్లు చేసే మీకూ. ఒప్పందంలో గడువు రాసుకుంటే ఆ గడువులోగా సొమ్ము చెల్లించాలి. అదీ 45 రోజులకు మించకూడదు. గడువేమీ రాసుకోకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దారికి రాకపోతే ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేసే ఏర్పాటు 2017 నుంచి ఉంది. అది రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది.

ఇందుకు 'ఉద్యమ్' రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 జులై నుంచి అమల్లో ఉన్న ఈ రిజిస్ట్రేషన్‌కు ఆధార్, పాన్ చాలు. పైసా ఫీజు లేదు. 'మేం చేయిస్తాం, రెండువేలివ్వండి' అనే సైట్లు కనిపిస్తే అవి ప్రభుత్వానివి కావని గుర్తు. పని ఒప్పుకునే ముందే రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, గొడవ వచ్చాక కాదు. ఆ నంబరును ఇన్‌వాయిస్ మీద అచ్చు వేయండి. కింద చిన్నగా '45 రోజుల గడువు' అని రాయండి. కోర్టు దాకా వెళ్లేవాళ్లు తక్కువే. ఆ ఒక్క లైను చూసి చాలామంది దారికొస్తారు.

వరి కోయకముందే మినుము

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, చేను ఇంకా నిలబడి ఉండగానే, ఆ పదునులోనే మినుములు చల్లేస్తారు. వరి కోసి, ఎండబెట్టి, అమ్ముకుని, తర్వాత తీరిగ్గా చూద్దాంలే అంటే తడి ఆరిపోతుంది.

ఫ్రీలాన్సు పనిలో నెలలు ఒక్కలా ఉండవు. దసరా, దీపావళికి ముందు అందరికీ అర్జంటే. ఆషాఢంలో ఫోను మోగదు. సైటు అప్పగించిన తర్వాత కొత్త పని వెతుక్కుంటే మధ్యలో రెండు నెలలు ఖాళీ. సైటు చివరి దశలో ఉండగానే రెండు విత్తనాలు చల్లాలి. ఒకటి, 'మీకు తెలిసినవాళ్లెవరికైనా కావాలా?' అని అడగటం. క్లయింటు సంతోషంగా ఉన్న ఆ వారంలోనే అడగాలి. రెండోది సంరక్షణ ఒప్పందం. సైటు కట్టేసి వదిలేస్తే సరిపోదు. ధరలు మారతాయి, కొత్త సరుకు ఫొటోలు పెట్టాలి, సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు కొత్త చేయాలి. లేకపోతే హ్యాకర్లు దూరతారు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. అందుకే దొంగల కన్ను కూడా దాని మీదే. నెలకు రెండు గంటల పని అని చెప్పి వెయ్యి రూపాయలు తీసుకున్నా, పదిమంది క్లయింట్లుంటే నెలకు 10 వేలు. వరి పోయినా ఇంట్లోకి మినుములుంటాయి.

ఒకే పెద్ద క్లయింటు మీద ఆధారపడకండి. మీ రాబడిలో సగానికి పైగా ఒక్కరి దగ్గర్నుంచే వస్తోందంటే మీరు ఫ్రీలాన్సరు కాదు, సెలవుల్లేని ఉద్యోగి.

బుడమేరు చెప్పిన పాఠం

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం నీళ్లలో మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. రోజుల తరబడి కరెంటు లేదు, మేడల మీద జనం. కింది అంతస్తుల్లో ఫ్రిజ్జులు, టి.వి.లు, కుట్టుమిషన్లతోపాటు కంప్యూటర్లూ పోయాయి. ప్రాణాలు దక్కితే చాలనుకున్న ఆ రోజుల్లో సైట్ల సంగతి ఎవరికి పడుతుంది? నిజమే. కానీ నీళ్లు తీశాక మళ్లీ బతకాలి కదా. అప్పుడు ఏమేం మిగిలిందో చూసుకుంటాం.

ప్రతి క్లయింటు సైటుకూ మూడు నకళ్లు ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడి డిస్కులో ఒకటి, ఊరికి దూరంగా ఎక్కడో క్లౌడులో ఒకటి. డిస్కు, ల్యాప్‌టాప్ ఒకే బల్ల మీద పెడితే రెండూ కలిసే మునుగుతాయి. పాస్‌వర్డులు డైరీలో రాసి బీరువాలో పెట్టే అలవాటుంటే మానేసి, పాస్‌వర్డ్ మేనేజరు వాడండి. వారం రోజులు మీరు అందుబాటులో లేకపోతే చూసుకోవడానికి ఇదే పని చేసే మరో స్నేహితురాలితో ఒప్పందం పెట్టుకోండి. పురిటికి వెళ్లినా, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయినా అదే ఆధారం. పోటీ అనుకోకండి. ఆమె సైట్లు మీరు, మీ సైట్లు ఆమె.

అమెరికా పని బంగారమేనా?

అప్‌వర్క్ లాంటి వేదికల మీద డాలర్లలో పని దొరుకుతుంది. దొరకడానికి మొదట్లో చాలా ఓపిక కావాలి. కమీషను కోసుకుంటారు. ప్రపంచమంతా పోటీ. పడమటి దేశాల మీటింగులంటే రాత్రి పదకొండుకు కూర్చోవాలి, పొద్దున ఆరింటికి పాలప్యాకెట్ చింపాలి. ఎన్నాళ్లు చేయగలరు? మొత్తం రాబడిలో కొంత భాగం అటునుంచి వస్తే మంచిదే. కానీ పునాది ఊళ్లోనే ఉంటే మేలని నా అభిప్రాయం. విదేశీ సొమ్ము వచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చే పత్రాలు జాగ్రత్త చేయండి. ఇక మన ఎన్.ఆర్.ఐ. చుట్టాలు 'ఇండియా వచ్చినప్పుడు సెటిల్ చేద్దాం' అంటారు. వాళ్లకూ అదే కాగితం, అదే సగం అడ్వాన్సు.

తలుపు వేసుకోవచ్చా?

ఇంట్లో ఉన్నారంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క మన సమాజంలో. గ్యాసు బండ వస్తే మీరే, కొరియరు వస్తే మీరే, పక్కింటి పిన్నిగారికి ఆధార్ అప్‌డేట్ చేయాలన్నా మీరే. 'పదకొండు నుంచి మూడు దాకా నాకు ఆఫీసు' అని ఇంట్లో చెప్పండి. చెప్పడం తేలికే, నిలబడటం కష్టం. అత్తగారికి ఎదురు చెప్పడమెలా అని జంకుతారు. చాలా ఇళ్లలో పనిచేసిన ఉపాయం ఒకటి ఉంది. మొదటి నుంచీ సంపాదన లెక్క అందరికీ కనిపించేలా గోడ మీద క్యాలెండరులో రాయడం. 'ఇవాళ మూడు గంటలు, 1,800' అని. రెండు నెలలకు ఆ ఇంట్లోవాళ్లే గ్యాసు బండ దింపించుకుంటారు.

క్లయింట్ల కోసం వేరే ఫోను నంబరు పెట్టుకోండి. రాత్రి ఎనిమిది తర్వాత అది ఆపేయండి. మొదటిసారి కలవాల్సి వస్తే వాళ్ల దుకాణంలోనే, పగటిపూటే. 'డిన్నర్ చేస్తూ మాట్లాడుకుందాం మేడమ్' అనేవాళ్ల సైటు మీకొద్దు. ఎంతిచ్చినా.

ఇక ఇప్పుడే చేయగలిగే పని ఒకటుంది. చిన్న పుస్తకం తీసి, ఇప్పటిదాకా మీరు చేసిన సైట్లన్నీ వరసగా రాయండి. ఒక్కోదానికి ఎదురుగా డొమైన్ ఎవరి పేరున ఉంది, ఎప్పుడు గడువు తీరుతుంది, హోస్టింగ్ ఎప్పుడు తీరుతుంది, ఎంత బాకీ ఉంది అని నాలుగు గళ్లు గీయండి. వచ్చే రెండు నెలల్లో గడువు తీరేవాటికి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. సోమవారం పదకొండింటికి మొదటి ఫోను వాళ్లకే.